రిలీజ్‌కి ముందే సినిమాకి బజ్ తీసుకురావడం ఎలా?

హైదరాబాద్‌లో ప్రతి శుక్రవారం కొత్త బొమ్మలు పడుతూనే ఉంటాయి. వాటిలో ఒకట్రెండింటి సంగతి మనకి సోమవారం పోస్టర్ మారిపోయాకే తెలుస్తుంది, ఓహో, ఇలాంటి సినిమా ఒకటి వచ్చి పోయిందా అని. పూర్వం సినిమా వస్తోందని చెప్పే పని ఆటోకి మైకు కట్టుకుని "నేడే చూడండి" అంటూ వీధి వీధీ తిరిగినవాళ్లు చేసేవాళ్లు. వెనకాల కరపత్రాల కోసం పిల్లలు పరిగెత్తేవాళ్లు. ఇప్పుడు ఆ పనిలో సగం ఫోన్ పట్టుకున్న మీలాంటి వాళ్ల మీద పడింది.

మీకో బ్లాగో, ఇన్‌స్టా పేజీయో, యూట్యూబ్ ఛానలో, ఎక్స్‌లో ఒక హ్యాండిలో ఉండి, రాబోయే సినిమాని భుజాన వేసుకోవాలనిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో వరసగా చెప్తాను. పెద్ద హీరో సినిమాకైనా కొత్తవాళ్ల సినిమాకైనా పద్ధతి దాదాపు ఇదే. కాకపోతే పెద్ద సినిమాకి ఉన్న బజ్‌ని చెడగొట్టకుండా చూసుకోవాలి, చిన్న సినిమాకి లేనిది పుట్టించాలి. రెండోదే కష్టం కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష గుర్తుపెట్టుకోండి. ఫ్యాన్స్ అరుపు ఫ్యాన్స్‌కే వినిపిస్తుంది. బయటివాడు చేతిలో పట్టుకుని పోగలిగేది ఏదో ఒకటి ఉంటేనే మాట గడప దాటుతుంది. అది అడగడానికి ఒక ప్రశ్న కావచ్చు, కూనిరాగం తీయడానికి ఒక లైను కావచ్చు, పెళ్లి బరాత్‌లో వేయడానికి ఒక స్టెప్పు కావచ్చు. 2015 జులై 10న 'బాహుబలి' మొదటి భాగం వచ్చాక "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు" అన్న ప్రశ్న 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా దేశమంతా తిరిగింది. ప్రభాస్ పేరు అంతకుముందు వినని ఉత్తరాదివాళ్లు కూడా అడిగారు. 'నాటు నాటు' 2021 నవంబర్‌లో వచ్చింది, ఆ పాట ఉన్న సినిమా 'ఆర్ఆర్ఆర్' 2022 మార్చి 25న. ఆ మధ్యలో భుజాల మీద చేతులేసుకుని ఆ స్టెప్పు వేసినవాళ్లలో ఎంతమంది ఫ్యాన్స్ అసోసియేషన్ సభ్యులంటారు? మీరు పెట్టబోయే ప్రతి పోస్టుకీ ఒకటే ప్రశ్న వేసుకోండి: మన హీరో అంటే గిట్టనివాడో, అసలు తెలియనివాడో దీన్ని వాళ్లింటి వాట్సాప్ గ్రూపులో వేస్తాడా?

ముందు సినిమా ఏంటో మీరు తెలుసుకోండి

పోస్టర్ చూసి ఊగిపోయి పేజీ తెరిచేయకండి. ఒక ఫోల్డర్ పెట్టుకుని అందులో నిర్మాణ సంస్థ అధికారిక హ్యాండిళ్లు, దర్శకుడు, సంగీత దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, ఎడిటర్, కళా దర్శకుడు, పాటల రచయిత పేర్లు, వాళ్లు రాసుకునే స్పెల్లింగ్‌తో సహా దాచుకోండి. హీరో మీ పోస్టుని షేర్ చేయడు. ఆయనకి రోజుకి వేల ట్యాగులు. కానీ ఎడిటర్‌నో, సౌండ్ డిజైనర్‌నో పేరు పెట్టి, వాళ్ల పని గురించి రెండు వాక్యాలు తెలిసి రాస్తే వాళ్లు తప్పకుండా చూస్తారు. చాలాసార్లు షేర్ చేస్తారు కూడా. వాళ్ల వెనక ఇండస్ట్రీ జనం ఉంటారు. కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా మాట ఇలాగే పాకుతుంది.

తర్వాత కథని ఒక్క వాక్యంలో చెప్పడం సాధన చేయండి. ఉదాహరణకి ఒక చిన్న సినిమా వస్తోందనుకుందాం. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజుల కొట్టు. తండ్రీ కొడుకులు. కొంచెం నవ్వు, చివర్లో కొంచెం ఏడుపు. దీనికి "గూస్‌బంప్స్ గ్యారంటీ, బొమ్మ బ్లాక్‌బస్టర్" అని రాస్తే ఎవడికీ ఏమీ అర్థం కాదు. "కొట్టు అమ్మేసి కొడుకుని అమెరికా పంపాలని నాన్న, ఆ కొట్టే కావాలని కొడుకు" అని రాయండి. చదివినవాడు వెంటనే ఒక పక్షం తీసుకుంటాడు. అమీర్‌పేట హాస్టల్లో కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడు ఒక పక్షం, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి లోను కడుతున్న ఆయన ఇంకో పక్షం. వాదన మొదలైతే మీ పని సగం అయినట్టే.

ఆ వాక్యం సినిమా టీమ్ చెప్పినదాన్ని దాటి పోకూడదు. టీజర్‌లో లేని ట్విస్టుని మీరు ఊహించి "ఇన్‌సైడ్ టాక్" అని వేస్తే, రేపు థియేటర్‌లో అది కనిపించకపోతే తిట్లు పడేది సినిమాకే. "ఇన్‌సైడ్ టాక్" అన్న మాటనే మానేయమంటాను నేను. నిజంగా లోపలి మనిషి చెప్పినదైతే అది ఆయన నమ్మకంతో చెప్పింది, మీరు వేయకూడదు. చెప్పనిదైతే అది అబద్ధం.

హ్యాష్‌ట్యాగ్ ఒకటే ఉండాలి

చూడ్డానికి చిన్న విషయం, బోలెడు ట్రెండ్లు చచ్చిపోయేది మాత్రం ఇక్కడే. తెలుగు పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలంటే తలా ఒక రకం. పేరులో 'దారి' అన్న మాట ఉందనుకోండి. ఒకడు 'డి' ఒక్కటే పెడతాడు. ఇంకొకడు పక్కన 'హెచ్' తగిలిస్తాడు. మూడోవాడు 'ఏ' రెండుసార్లు కొడతాడు. ఇవి చాలనట్టు న్యూమరాలజీ పేరు చెప్పి నిర్మాత ఇంకో అక్షరం కలిపి ఉంటాడు, అది ఆయనకి తప్ప ఎవరికీ గుర్తుండదు. నాలుగు స్పెల్లింగులంటే నాలుగు ట్యాగులు. అందరూ కలిసి అరిచినా నాలుగు చోట్ల అరిచినట్టే.

కాబట్టి నిర్మాణ సంస్థ మొదటి పోస్టర్ మీద ఏది వాడితే అదే అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి, మీ గ్రూపులో పిన్ చేసి పెట్టండి. మధ్యలో ఖాళీ, చుక్క, అడ్డగీత రాకూడదు. అవి వస్తే ట్యాగ్ అక్కడే తెగిపోతుంది. తెలుగు అక్షరాల్లో కూడా ట్యాగ్ పని చేస్తుంది. దాన్ని రెండోదిగా పెట్టుకోండి, మొదటిదాని బదులు వద్దు.

ఎక్స్‌లో ట్రెండింగ్ లెక్క మొత్తం ఎన్ని పోస్టులు పడ్డాయన్నదాని కంటే, తక్కువ సమయంలో ఒక్కసారిగా ఎంత పెరిగిందన్నదాన్ని ఎక్కువ పట్టించుకుంటుంది. రోజంతా చుక్క చుక్కగా వేసే కంటే అందరూ ఒక గంట ఎంచుకుని అప్పుడే వేయడం మేలు. అలాగని ఒకే వాక్యాన్ని వందమంది కాపీ పేస్ట్ చేస్తే స్పామ్ కింద తొక్కేస్తుంది, హ్యాండిళ్లు లాక్ అవుతాయి. అందుకే ముందు రోజు రాత్రి గ్రూపులో లైన్లు పంచుకోవద్దు, విషయాలు పంచుకోండి. నువ్వు పాట గురించి రాయి, నువ్వు ఫస్ట్ లుక్‌లో రంగుల గురించి రాయి, నువ్వు హీరోయిన్ పాత సినిమాలో నచ్చిన సీన్ గురించి రాయి అని. ఎవరి మాటల్లో వాళ్లు రాస్తే చదివేవాడికి కూడా మనుషులు మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

రోజు కూడా చూసుకోవాలి. ఇండియా మ్యాచ్ ఉన్న సాయంత్రం, ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ ఉప్పల్‌లో ఆడుతున్న రాత్రి మీ ట్యాగ్ ఎవరికీ కనిపించదు. మార్చి 27, ఏప్రిల్ 8, మే 20, ఆగస్టు 9, ఆగస్టు 22, సెప్టెంబర్ 2, అక్టోబర్ 23... ఈ తేదీలు ఎందుకు రాశానో ఫ్యాన్స్‌కి చెప్పక్కర్లేదు. ఆ పెద్ద హీరోల పుట్టినరోజుల్లో సీడీపీలు (ఫ్యాన్స్ అందరూ ఒకేసారి పెట్టుకునే డీపీలు), కౌంట్‌డౌన్లు, స్పెషల్ పోస్టర్లతో టైమ్‌లైన్ నిండిపోతుంది. మీ చిన్న సినిమాని ఆ తోపులాటలోకి నెట్టకండి.

క్యాలెండర్ గీసుకోండి

టీమ్ ఎలాగూ తన వంతు చేస్తుంది. ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, ఒక్కో పాట లిరికల్ వీడియో, ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్. ఈ మధ్య అప్‌డేట్ ఎప్పుడిస్తామో చెప్పడానికి కూడా ఒక అప్‌డేట్ ఇస్తున్నారు. అది చాలదని ముహూర్తం చూసి సాయంత్రం 4:05 అంటారు, తీరా 4:40కి వస్తుంది. ఆ ఆలస్యాన్ని తిడుతూ కూర్చోవడం మన పని కాదు. (సరదాగా ఒక మీమ్ వేయొచ్చు. వేయండి.)

మీ అసలు పని ఆ అప్‌డేట్ల మధ్య ఖాళీల్లో ఉంది. మొదటి పాటకీ రెండో పాటకీ మధ్య రెండు మూడు వారాలు టీమ్ మాట్లాడదు. అప్పుడు సినిమా గురించి మాట్లాడటానికి ఏమీ లేదనుకుంటారు చాలామంది. అక్కడే సినిమా చుట్టూ ఉన్న విషయం పనికొస్తుంది. మన గాజుల కొట్టు సినిమానే తీసుకోండి. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి సరుకన్న అధికారిక గుర్తింపు, వచ్చింది. ఒక పొద్దున లాడ్ బజార్ వెళ్లి, అడిగి, గాజు చేసే చోట కూర్చుని ఫోన్‌లో తీయండి. లక్కని నిప్పుల సెగ మీద మెత్తబరిచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి అతికిస్తారు. దాని మీద రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు. ఆ అద్దే వేళ్లని దగ్గరగా, మాటలు లేకుండా, ఆ చప్పుడుతోనే నలభై సెకన్లు పెట్టండి. చివర్లో ఒక లైను: "ఇలాంటి కొట్టు కథే వస్తోంది", సినిమా పేరు, తేదీ. సినిమాలంటే పడని మా పిన్ని లాంటి వాళ్లు కూడా దాన్ని షేర్ చేస్తారు, గాజుల కోసం. పేరు దానితో పాటే వెళ్తుంది. పని చేసే ఆయన ముఖం పెట్టాలంటే ఆయన్ని అడగండి. కొట్టు పేరు చెప్పి ట్యాగ్ చేస్తే ఆయనకీ నాలుగు బేరాలు వస్తాయి.

పెద్ద సినిమాకి కూడా ఇదే సూత్రం. 2022 ఆగస్టు 9న 'పోకిరి' స్పెషల్ షోలు పడ్డప్పుడు కొత్త టీజర్ లేదు, కొత్త పాట లేదు, పదహారేళ్ల పాత సినిమా. జనానికి నోటికొచ్చిన డైలాగులు, తెర ముందు ఎగరడానికి ఒక రాత్రి. ఫ్యాన్స్ ఆ రెండింటినే పట్టుకున్నారు, హాళ్లు నిండాయి. ఆ తర్వాత వరసకట్టిన రీ రిలీజుల జాతర మీకు తెలిసిందే.

సంక్రాంతి సినిమా అయితే ఇంకో లెక్క. పండక్కి సిటీ ఖాళీ అవుతుంది. ఎంజీబీఎస్‌లో, సికింద్రాబాద్ స్టేషన్‌లో కాలు పెట్టే చోటుండదు. అంటే హైదరాబాద్‌లో మీరు చేసే సందడంతా జనవరి మొదటి వారం లోపే అయిపోవాలి. ఇక్కడి పిల్లలే ఊరికి వెళ్లి, "ఏ సినిమాకి పోదాం" అన్నప్పుడు నోరు తెరిచేది. ఫిబ్రవరి, మార్చిలో ఇంటర్ పరీక్షలు. అప్పుడు ఎంత గింజుకున్నా కుర్రాళ్లు కదలరు, వాళ్ల అమ్మలు కదలనివ్వరు.

సరుకు తయారు చేయడం

రీల్ అయితే నిలువుగా, మొదటి రెండు మూడు సెకన్లలోనే విషయం కనపడేలా. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ మెట్రోలో నిలబడి చూసేవాడు సౌండ్ పెట్టుకోడు, కాబట్టి తెర మీద తెలుగులో పెద్ద అక్షరాలు వేయండి. పాట వాడితే ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన ముక్క కాకుండా ఇన్‌స్టాలో ఉన్న అధికారిక ఆడియోనే ఎంచుకోండి. ఆ ఆడియో మీద ఎన్ని రీల్స్ వచ్చాయో ఒక్కచోట కనపడేది అప్పుడే. మ్యూజిక్ కంపెనీ వాళ్లు చూసుకునేది కూడా ఆ అంకే.

స్టెప్పు వేసి తీసేటప్పుడు చోటు చూసుకోండి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద బండి ఆపితే చలాన్ పడుతుంది. మెట్రో కోచ్‌లో డాన్స్ మొదలుపెడితే లైకుల కంటే ముందు సెక్యూరిటీ వస్తాడు. మీ కాలనీ మేడ మీద ఇద్దరు ఆంటీలతో కలిసి వేసిన స్టెప్పు వీటన్నిటికంటే బాగా నడుస్తుంది, నా మాట నమ్మండి.

యూట్యూబ్‌లో ట్రైలర్ బ్రేక్‌డౌన్ చేసేవాళ్లు ట్రైలర్ మొత్తం మళ్లీ ఎక్కించకూడదు. తొంభై రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. అవసరమైన చోట రెండు మూడు సెకన్లు, మిగతాది మీ ముఖం, మీ మాట. అప్పుడు కూడా కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు, కాబట్టి నిర్మాణ సంస్థ డిజిటల్ టీమ్‌ని ముందే అడిగి స్టిల్స్, టైటిల్ లోగో తీసుకోవడం మంచిది. మర్యాదగా అడిగితే చాలామంది ఇస్తారు. ఇరవై ట్యాబుల్లో ట్రైలర్ పెట్టి రిఫ్రెష్ కొట్టే పనిని మాత్రం మీ తమ్ముళ్లతో మాన్పించండి. అలాంటి వ్యూస్‌ని యూట్యూబ్ లెక్కలోంచి తీసేస్తుంది, కరెంటు బిల్లు ఒక్కటే మిగులుతుంది.

మీరు చేసిన పోస్టర్ మీద 'ఫ్యాన్ మేడ్' అని స్పష్టంగా, మూలన కాకుండా కనిపించేలా రాయండి. ఇప్పుడు ఏఐతో ఎవరైనా ఏ హీరో ముఖాన్నైనా ఏ గెటప్‌లోనైనా పెట్టేస్తున్నారు. అది లీకైన లుక్ అనుకుని జనం నమ్మి, తర్వాత అసలు లుక్ వచ్చినప్పుడు "ఇదేంటి, ఆ పోస్టరే బాగుంది" అంటే మీరే సినిమాకి గండి కొట్టినట్టు.

మీమ్స్ సంగతి ఎక్కువ చెప్పను. బ్రహ్మానందం గారి ముఖం ఉన్నంతకాలం తెలుగువాడికి టెంప్లేట్ల కరువు లేదు. ఒక్కటే జాగ్రత్త: మీమ్‌లో ఎగతాళి పరిస్థితి మీద ఉండాలి, పక్క హీరో మీద వద్దు.

వీధిలో చేసే పని

ఆన్‌లైన్ బజ్‌కి కాళ్లు వచ్చేది ఇక్కడే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి, కూకట్‌పల్లిలో భ్రమరాంబ, మల్లికార్జున, మూసాపేటలో శ్రీరాములు. ఈ హాళ్ల ముందు కటౌట్ లేస్తే ఆ ఫొటో రాష్ట్రమంతా తిరుగుతుంది. పెద్ద సినిమాకి అది ఆనవాయితీ. చిన్న సినిమాకి కటౌట్ కంటే, కాలేజీ ఫెస్టులో టీమ్‌ని పది నిమిషాలు స్టేజీ ఎక్కించడం ఎక్కువ పని చేస్తుంది. కాలేజీ వాళ్ల కల్చరల్ కమిటీలో మీకు తెలిసినవాళ్లు ఉంటే, వాళ్లకీ సినిమా పీఆర్ఓకీ మధ్య ఒక్క ఫోన్ కలిపి పక్కకి తప్పుకోండి.

ఫ్లెక్సీల జోలికి వెళ్లే ముందు ఆలోచించండి. జీహెచ్ఎంసీ అనుమతి లేకుండా కడితే జరిమానా. దానికంటే పెద్ద భయం కరెంటు తీగలు. 2020 సెప్టెంబర్‌లో కుప్పం దగ్గర అభిమాన హీరో పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతూ ముగ్గురు కుర్రాళ్లు షాక్ తగిలి చనిపోయారు. ఇనుప ఫ్రేము, తడి నేల, రాత్రి హడావుడి, ఈ మూడూ కలిసిన చోట మీ గ్రూపు వాళ్లు ఎవరూ నిచ్చెన ఎక్కకుండా చూడండి. కట్టే పని దాని మనుషులకి ఇచ్చేయండి.

గుంపుని పోగేసే పోస్టులు కూడా అంతే. 2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్‌కి జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావుబతుకుల్లో ఆసుపత్రి పాలయ్యాడు. "హీరో ఈ హాలుకే వస్తున్నాడు, అందరూ రండి" అని అధికారికంగా తెలియని మాటని ఎప్పుడూ వేయకండి. తెలిసినా, పోలీసుల అనుమతి ఉందని టీమ్ ప్రకటించేదాకా ఆగండి. ప్రీ రిలీజ్ ఈవెంట్ శిల్పకళా వేదికలోనో, యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్‌లోనో పెడితే పాస్ లేకుండా రావొద్దని, గేట్లు ఎన్నింటికి తెరుస్తారో, మెట్రో ఎక్కడ దిగాలో, చివరి రైలు ఎప్పుడో చెప్పే పోస్టు ఒకటి వేయండి. హీరోని ఆకాశానికెత్తే ఎలివేషన్ పోస్టుల కంటే దాన్నే ఎక్కువమంది సేవ్ చేసుకుంటారు.

డబ్బు తీసుకుంటే చెప్పండి

పేజీ కాస్త పెరిగాక పీఆర్ ఏజెన్సీల నుంచి మెసేజ్ వస్తుంది: ఇన్ని పోస్టులకి ఇంత. తీసుకోవడం తప్పు కాదు, దాచడం తప్పు. ఇన్‌ఫ్లుయెన్సర్లు పెయిడ్ పోస్టుని పెయిడ్ అని చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే నియమాలు తెచ్చింది, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారమని తేలితే జరిమానా 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా వేయొచ్చు. చట్టం సంగతి అటుంచితే, 'పెయిడ్' అని రాసిన పోస్టుకి పెద్దగా నష్టమేమీ ఉండదు. రాయకుండా దొరికిపోయిన పేజీని మాత్రం ఆ తర్వాత ఎవడూ నమ్మడు.

డబ్బిచ్చి పక్క సినిమా మీద నెగటివిటీ వేయమనే ఆఫర్లు కూడా వస్తాయి. వాటికి జవాబు కూడా ఇవ్వొద్దు.

లీకులు, గొడవలు

2013 సెప్టెంబర్‌లో 'అత్తారింటికి దారేది' రిలీజ్ కాకముందే సినిమాలో పెద్ద భాగం నెట్‌లో పడింది. నిర్మాత తేదీ ముందుకి జరిపి సెప్టెంబర్ 27న విడుదల చేశారు. అప్పుడు ఫ్యాన్స్ చూడొద్దు, పంచొద్దు అని ఒకరికొకరు చెప్పుకుంటూ, లింకులు ఎక్కడ కనపడినా రిపోర్ట్ కొట్టారు. సినిమా పెద్ద హిట్. షూటింగ్ స్పాట్ ఫొటో అయినా, పాట ముక్క అయినా మీ చేతికి వస్తే చేయాల్సింది అదే. "లీక్ చేయకండి ప్లీజ్" అని రాస్తూ పక్కనే ఆ ఫొటో పెట్టే తెలివి మనవాళ్లలో కొందరికి ఉంది. ఆ గుంపులో చేరకండి.

వివాదం వల్ల పబ్లిసిటీ వస్తుందా అంటే, వస్తుంది. 2017 ఆగస్టులో ఆర్టీసీ బస్సు మీదున్న 'అర్జున్ రెడ్డి' పోస్టర్‌ని కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు చించేస్తే ఆ సినిమా పేరు ప్రతి టీవీలో మోగింది. కానీ అది తనంతట తాను జరిగింది. మీరు కావాలని రేపిన గొడవ మీ చేతిలో ఉండదు, రెండో రోజుకే కులం, ప్రాంతం, ఇంట్లో ఆడవాళ్ల దాకా పోతుంది. ఫ్యాన్ వార్‌లో మీ పేజీకి ఫాలోయర్లు పెరుగుతారు, సినిమాకి టికెట్ ఒక్కటి కూడా పెరగదు. మ్యూట్ బటన్ ఉంది, వాడండి.

చివరి వారం

బుక్‌మైషోలో సినిమా పేజీ తెరుచుకోగానే 'ఇంట్రెస్టెడ్' నొక్కమని అడగండి. ఆ అంకెని ట్రేడ్ వాళ్లు, థియేటర్ వాళ్లు చూస్తారు. బుకింగ్ తెరిచాక మీ పని మారిపోతుంది. ఇక ఎలివేషన్లు అనవసరం, సమాచారం కావాలి. ఏ హాల్లో, ఏ ఆట, టికెట్ ఎంత, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా. సెన్సార్ ఇప్పుడు యూఏ సర్టిఫికెట్‌లోనే ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని విడదీసి ఇస్తోంది, దాన్ని మీ పోస్టులో రాయండి. ఫ్యామిలీతో వెళ్లేవాడికి ఆ ఒక్క ముక్క చాలు.

చిన్న సినిమా టీమ్ మీ సలహా అడిగితే, సరుకు మీద నమ్మకం ఉంటే ఒక రోజు ముందు పెయిడ్ ప్రీమియర్లు వేయమని చెప్పండి. 2024 సంక్రాంతికి 'హనుమాన్' పెద్ద సినిమాల మధ్య నలిగిపోతుందనుకున్నారు. జనవరి 12 రిలీజ్‌కి ముందు రాత్రే ప్రీమియర్లు పడ్డాయి, చూసొచ్చినవాళ్ల మాటే తెల్లారేసరికి ప్రచారం అయిపోయింది. నమ్మకం లేకపోతే మాత్రం ఆ పని అస్సలు చేయొద్దు, బాలేదన్న మాట కూడా అంతే వేగంగా పాకుతుంది.

అమెరికా ప్రీమియర్ల టాక్ మనకి అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. ఆ రాత్రి మీ హ్యాండిల్ చేతిలో పెట్టుకుని మేలుకుని ఉండండి కానీ, "ఫస్ట్ హాఫ్ సూపర్" అని వినికిడి మాట వేయకండి. పొద్దున మీరే ఆటకి వెళ్లి చూసి రాయండి.

హాల్లో ఫోన్ జేబులోనే ఉండాలి. హీరో టైటిల్ కార్డ్ పడగానే తీసి స్టేటస్ పెట్టడం మనకి అలవాటైపోయింది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద, అనుమతి లేకుండా తెర మీది బొమ్మని రికార్డ్ చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా. బయటికొచ్చాక తీయండి ఎంత కావాలంటే అంత: పేపర్లతో నిండిన మెట్లు, గొంతు పోయిన తమ్ముళ్లు, చెప్పు తెగిపోయినవాడు. టికెట్ ఫొటో పెడితే క్యూఆర్ కోడ్ మీద వేలు అడ్డం పెట్టండి, లోపలికి ఇంకా వెళ్లకముందైతే మరీను. ప్రసాద్స్ మల్టీప్లెక్స్ బయట మైకులు పట్టుకున్న ఛానళ్ల ముందు అరిచే బదులు, మెట్ల మీద కళ్లు తుడుచుకుంటూ దిగుతున్న పెద్దావిడ ఒప్పుకుంటే ఆవిడని రెండు మాటలు అడగండి.

సినిమా మీకు నచ్చకపోతే? అంత మోసాక ఇది చాలామందికి టెన్షన్. నచ్చిన రెండు విషయాలు నిజాయితీగా రాయండి, నచ్చనిది ఒక్క వాక్యంలో చెప్పండి, స్పాయిలర్ వద్దు. అబద్ధపు రేటింగ్ వేస్తే మీ తర్వాతి సినిమా పోస్టుకి విలువ ఉండదు.

శని, ఆదివారాలు ఎవరైనా నింపుతారు. సోమవారం మ్యాట్నీ, మంగళవారం ఫస్ట్ షో చూసుకోండి. చాలా సినిమాలు నాలుగైదు వారాల్లోనే ఓటీటీకి వచ్చేస్తున్నాయి, అందుకే "ఇంట్లో చూద్దాంలే" అనేవాళ్లు ఎక్కువ. వాళ్లని కదిలించడానికి హాల్లోనే దొరికేది ఏంటో చెప్పండి, పక్కసీటు నవ్వు కావచ్చు, ఇంటర్వల్ బ్యాంగ్‌కి లేచిన గోల కావచ్చు. మీ ఫాలోయర్లు పంపిన ఫొటోలు, వాళ్ల అమ్మానాన్నల మాటలు ఒక్కొక్కటిగా వారమంతా వేయండి. పంపినవాళ్ల పేరు వేయడం మర్చిపోకండి, వచ్చే సినిమాకి మీ వెంట ఉండేది వాళ్లే.